పొన్నరేవు తూర్పు గోడ

మన ముత్తాతల ముత్తాతలు ఇంకా ఉయ్యాల ఎక్కని కాలంలో, సముద్రం ఒడ్డున ఒక రాజ్యం ఉండేది. దానికి రాజధాని రాచపట్నం. పట్నానికి తూర్పున, ఉప్పుటేరు సముద్రంలో కలిసే చోట, పొన్నరేవు అనే పల్లె ఉండేది. అక్కడివాళ్లు చేపలు పట్టుకుని బతికేవాళ్లు. తాటాకు గుడిసెలు, ఒడ్డున పడవలు, ఎండలో ఆరే వలలు. అంతకు మించి వాళ్లకు ఏమీ లేదు.

ఒక ఏడు కార్తీకమాసంలో పెద్ద గాలివాన వచ్చింది. దాని వెనకే ఉప్పెన వచ్చింది. పల్లెవాళ్లు పిల్లల్ని చంకన వేసుకుని పట్నం వైపు పరుగెత్తారు. పట్నం దూరం, నీళ్లు దగ్గర. కొందరు చేరారు. కొందరు చేరలేదు.

పట్నంలో పైడయ్య అనే తాపీ మేస్త్రి ఉండేవాడు. రాజుగారు కట్టిస్తున్న విజయగోపురానికి అతనే పెద్ద మేస్త్రి. ఉప్పెన తీసిన మర్నాడు అతను ఒడ్డుకు వెళ్లి చూశాడు. పోలమ్మ అనే ముసలామె ఇసుకలో కూర్చుని ఉంది. ఒళ్లో విరిగిన తెడ్డు ఉంది. అది ఆమె పెనిమిటిది. తెడ్డు దొరికింది గాని మనిషి దొరకలేదు. ఆమె ఏడవడం లేదు. సముద్రం వైపు చూడడం కూడా లేదు.

"ఎత్తు మీద ఒక్క రాతి ఇల్లు ఉంటే సరిపోయేది నాయనా," అంది పోలమ్మ. "అందరం అందులో దూరి తలుపు వేసుకునేవాళ్లం. మావాళ్లు బతికిపోయేవాళ్లు."

పైడయ్య ఆ మాటను ఇంటికి మోసుకుపోయాడు. తెల్లారగానే తన స్నేహితులిద్దరినీ కలిశాడు. ఒకడు వడ్రంగి భద్రాచారి. ఇంకొకడు కమ్మరి సింగన్న.

"రాళ్లు పేర్చడం నాకు తెలుసు, కర్ర కొయ్యడం నీకు తెలుసు, ఇనుము సాగదియ్యడం వీడికి తెలుసు. ఆ పల్లెకు ఒక ఇల్లు కట్టి ఇద్దాం. కూలి వద్దు," అన్నాడు పైడయ్య.

"సంతరోజున గోపురం పని ఉండదు కదా. ఆ రోజు వెళ్దాం," అన్నాడు భద్రాచారి.

సింగన్న మాట్లాడకుండా తల ఊపాడు. అతను ఎప్పుడూ అంతే.

ఈ సంగతి పనివాళ్లలో పాకింది. రాళ్లు కొట్టేవాళ్లు వచ్చారు, మట్టి తవ్వేవాళ్లు వచ్చారు, పెంకులు నేసేవాళ్లు వచ్చారు. సంతరోజు వస్తే చాలు, అందరూ సద్దిమూటలు కట్టుకుని పొన్నరేవు దారి పట్టేవాళ్లు. పల్లె వెనక ఒక ఇసుక మిట్ట ఉంది. దాని మీద పునాది తీశారు. మిట్ట కింద రాతిపొర తగిలింది. పునాది దిట్టంగా కూర్చుంది. గోడలు లేవసాగాయి. పల్లె ఆడవాళ్లు మంచినీళ్లు మోసి తెచ్చేవాళ్లు, మగవాళ్లు రాళ్లు అందించేవాళ్లు. పోలమ్మ అందరికీ చేపల పులుసు వండేది.

అంతా బాగానే జరిగేది, ఎండాకాలం నడిమధ్య ఒక సంతరోజు రాకపోయి ఉంటే.

ఆ రోజు రాజుగారి మనుషులు ఎడ్లబండ్లన్నీ గోపురపు రాళ్లకని తోలుకుపోయారు. కొండవాగు నుంచి ఇసుక తెచ్చే బండి ఒక్కటీ రాలేదు. ఉన్న ఇసుక పొద్దెక్కేసరికి అయిపోయింది. పనివాళ్లంతా చేతులు కట్టుకుని నిలబడ్డారు. తూర్పు గోడ, అంటే సముద్రం వైపు గోడ, మోకాలి ఎత్తుకు లేచి ఆగిపోయింది.

"ఇంత సముద్రం ఒడ్డున కూర్చుని ఇసుక లేదంటామేమిటి మేస్త్రీ?" అన్నాడు ఒకడు నవ్వుతూ.

సముద్రపు ఇసుకలో ఉప్పు ఉంటుంది. ఆ ఇసుక కలిపిన సున్నం రాళ్లను గట్టిగా పట్టుకోదు. ఈ సంగతి పైడయ్యకు తెలుసు. తెలిసినా, ఎండ మాడుతోంది, మనుషులు ఎదురు చూస్తున్నారు, ఊరికే వచ్చినవాళ్లను ఊరికే తిప్పి పంపడం ఎలా, ఊరికే కట్టే ఇల్లే కదా అనుకున్నాడు.

"సరే, ఈ పూటకు కానివ్వండి," అన్నాడు.

ఆ పూట వారమైంది. వారం ఇంకో వారమైంది. బండ్లు రాలేదు. తూర్పు గోడ మొత్తం ఉప్పు ఇసుకతోనే లేచింది.

వానాకాలం వచ్చేసరికి గోడలు పూర్తయ్యాయి, దూలాలు ఎక్కాయి, పెంకు పరిచారు. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. కాని పైడయ్యకు మాత్రం ఆ ఇంటి వైపు నడుస్తుంటే కాళ్లు బరువెక్కేవి.

ఒకనాడు అతను ఎవరూ చూడకుండా తూర్పు గోడ దగ్గరకు వెళ్లాడు. రెండు రాళ్ల సందున గోటితో గీకాడు. సున్నం పిండిలా రాలింది.

"పైపొర కదా, లోపల గట్టిగానే ఉంటుంది," అని తనకు తానే చెప్పుకున్నాడు.

మరో వారం కడవతో నీళ్లు తెచ్చి అదే చోట పోశాడు. గోడ దిగువన పాలలాంటి నీళ్లు కారాయి.

"కొత్త గోడ కదా, ఆరితే సర్దుకుంటుంది," అనుకున్నాడు.

మూడోసారి గునపం మొన ఒక రాయి కింద పెట్టి మెల్లగా ఎత్తాడు. రాయి కదిలింది. చంటిపిల్లవాడి పాలపన్ను కదిలినట్టు కదిలింది. ఇక చెప్పుకోవడానికి పైడయ్య దగ్గర ఏ మాటా మిగల్లేదు.

అతను భద్రాచారి దగ్గరకు పరుగెత్తాడు. భద్రాచారి చిత్రికతో కర్ర నునుపు చేస్తున్నాడు.

"బావా, తూర్పు గోడ నిలవదు," అన్నాడు పైడయ్య.

భద్రాచారి తల ఎత్తలేదు. "మనం కూలి తీసుకున్నామా?"

"లేదు."

"ఎవరైనా మనల్ని అడిగే హక్కు ఉందా?"

"లేదు."

"మరి నీకెందుకు దిగులు? ఏమీ లేనివాళ్లకు ఏదో ఒకటి కట్టి ఇచ్చాం. అదే గొప్ప," అన్నాడు భద్రాచారి. చిత్రిక మాత్రం వంకరగా పోయింది.

పైడయ్య సింగన్న కొలిమికి వెళ్లాడు. సింగన్న అంతా విని నిప్పుల్ని ఎగదోశాడు.

"ఏటా ఉప్పెన వస్తుందా ఏమిటి? ఈ ఏడు రాకపోవచ్చు," అని మాత్రం అన్నాడు.

చివరికి పోలమ్మకే చెప్పేద్దామని పైడయ్య పల్లెకు వెళ్లాడు. ఆమె అతన్ని చూడగానే పీట వేసి, ఆకు వేసి, పులుసు వడ్డించింది.

"నీ చలవ వల్ల మా పల్లెలో పిల్లలు భయం లేకుండా నిద్రపోతున్నారు నాయనా," అంది. "నేనూ మళ్లీ సముద్రం వైపు చూడగలుగుతున్నాను. మొన్న పొద్దున చాలాసేపు చూశాను."

పైడయ్య చెప్పాలని వచ్చిన మాట చెప్పకుండానే చెయ్యి కడుక్కున్నాడు.

అప్పటినుంచి అతనికి మనసు మనసులో లేదు. ఆకాశంలో మబ్బు ముక్క కనబడితే పని ఆపి సముద్రం వైపు చూసేవాడు. భార్య నూకాలు పలకరిస్తే ఉలిక్కిపడేవాడు. "ఒంట్లో బాగాలేదా మావా?" అని ఆమె అడిగితే, "ఏం లేదు, ఏం లేదు," అనేవాడు.

శ్రావణం వచ్చింది. పోలమ్మ మంచిరోజు చూసి పల్లెవాళ్లందరినీ ఆ ఇంట్లో చేర్చింది. పనివాళ్లను కూడా పిలిచింది. ఆడవాళ్లు గడపకు పసుపు రాశారు, వాకిట ముగ్గు పెట్టారు. పిల్లలు ఇల్లంతా గంతులేస్తున్నారు. పైడయ్య ఒక మూల నిలబడి నవ్వడానికి తంటాలు పడుతున్నాడు.

అంతలో ఒక పిల్లతల్లి తన బిడ్డను చీర ఉయ్యాలలో వేసింది. ఆ ఉయ్యాల తాడును ఒక కొక్కేనికి తగిలించింది. ఆ కొక్కెం తూర్పు గోడలో ఉంది. ఉయ్యాల ఊగినప్పుడల్లా కొక్కెం చుట్టూ సన్నగా పొడి రాలుతోంది. ఎవరూ చూడలేదు. పైడయ్య ఒక్కడే చూశాడు.

ఉయ్యాల ఇటు వచ్చింది. పొడి రాలింది. అటు వెళ్లింది. పొడి రాలింది.

"తియ్యమ్మా! బిడ్డను అక్కణ్ణుంచి తియ్యి!" అని పెద్దగా అరిచాడు పైడయ్య.

తల్లి బెదిరిపోయి బిడ్డను గుండెకు హత్తుకుంది. పైడయ్య గోడ దగ్గరకు నడిచి, ఆ కొక్కేన్ని చేత్తో పట్టి లాగాడు. అది రాతి సందులోంచి ఊడి వచ్చేసింది.

"ఈ గోడ ఉప్పెనకు నిలవదు," అన్నాడు. అతని గొంతు అతనికే కొత్తగా వినిపించింది. "ఉప్పు ఇసుక కలిపాను. తెలిసే కలిపాను. ఊరికే కట్టే ఇల్లు కదా, ఎవరు అడుగుతారు అనుకున్నాను. మీరంతా దీన్ని నమ్ముకుని లోపల కూర్చుంటే, ఇది మీ మీదే పడుతుంది."

ఒక పడవవాడు లేచాడు. ఉప్పెనలో తమ్ముణ్ణి పోగొట్టుకున్నవాడు.

"మీ రాజుగారి గోపురాన్ని కూడా ఇలాగే కట్టారా మేస్త్రీ?" అని అడిగాడు.

పైడయ్య తల దించుకున్నాడు. కొందరు ఆడవాళ్లు ఏడ్చారు. పనివాళ్లలో కొందరు, "మంచికి పోతే మాట పడవలసి వచ్చింది," అని గొణుక్కుంటూ వెళ్లిపోయారు.

పోలమ్మ మాత్రం గోడ దగ్గరకు వచ్చి, ఊడిన కొక్కేన్ని చేతిలోకి తీసుకుంది.

"ఈ గోడ ఒక్కటేనా?" అని అడిగింది.

"ఒక్కటే పెద్దమ్మా. తక్కినవి నిలుస్తాయి."

"కార్తీకం లోపల మళ్లీ కట్టగలవా?"

"సంతరోజుల్లో మాత్రమే కడితే కుదరదు. రోజూ కట్టాలి. రాజుగారు సెలవివ్వాలి."

"అయితే అడుగు," అంది పోలమ్మ. "నా ముఖాన చెప్పగలిగావు. రాజు ముఖాన చెప్పలేవా?"

ఆ రాజు పేరు జయసేనుడు. మంచివాడే గాని మహా కోపిష్టి. విజయదశమికి గోపురం మీద జెండా ఎగరాలని ఆయన పట్టుదల. ఆ పని ఆపమని అడగడమంటే నిప్పులో చెయ్యి పెట్టడమే. అయినా పైడయ్య సభలోకి వెళ్లి ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. ఒక్క మాట దాచలేదు.

రాజు ముఖం ఎర్రబడింది.

"ఓయి మేస్త్రీ, నా గోపురంలో ఎక్కడైనా ఉప్పు ఇసుక వాడావా?"

"లేదు మహాప్రభూ."

"ఎందుకని?"

"తమరంటే భయం, మహాప్రభూ."

"మరి పొన్నరేవులో?"

"అక్కడ నన్ను భయపెట్టేవారు లేరు, మహాప్రభూ."

రాజు సింహాసనం దిగి కిటికీ దగ్గరకు వెళ్లాడు. అక్కడినుంచి గోపురం కనబడుతోంది. దాని చుట్టూ పరంజాలు, పరంజాల మీద చీమల్లా పనివాళ్లు. ఆయన అటు చూసి వెనక్కి తిరిగాడు.

"నీ మనుషుల్ని తీసుకుపో. బండ్లు కూడా ఇస్తాను. గోపురం ఆగితే ఆగింది. కాని ఒక షరతు. ఈసారి గాలివాన వచ్చిన నాడు, నువ్వూ నీ భార్యాబిడ్డలూ పట్నం కోటలో ఉండకూడదు. ఆ ఇంట్లోనే ఉండాలి. ఆ తూర్పు గోడ పక్కనే ఉండాలి. ఒప్పుకుంటావా?"

పైడయ్యకు తన కూతురు కళ్ల ముందు మెదిలింది. ఇంకా సరిగ్గా మాటలు కూడా రాని పిల్ల.

"ఒప్పుకుంటున్నాను మహాప్రభూ," అన్నాడు.

ఇంటికి వచ్చి నూకాలుకు చెప్పాడు. ఆమె చేతిలో చేట కింద పెట్టేసింది.

"నన్ను అడక్కుండా నన్నూ బిడ్డనూ పణం పెట్టి మాట ఇచ్చేశావా మావా?"

"ఇచ్చేశాను."

"ఆ గోడ పడితే?"

"పడకుండా కడతాను."

"మొదటిసారి కూడా పడకుండానే కట్టి ఉండవచ్చు కదా!" అంది నూకాలు. ఆ రోజంతా అతనితో మాట్లాడలేదు. మర్నాడు పొద్దున సద్దిమూట కట్టి ఇస్తూ, "గట్టిగా కట్టు," అని మాత్రం అంది.

పని మొదలైంది. పైకప్పు కిందికి జారకుండా మానులు నిలబెట్టి, తూర్పు గోడను పునాది దాకా విప్పేశారు. కొండవాగు ఇసుక బండ్ల మీద వచ్చింది. దాన్ని పల్లె ఆడవాళ్లు మంచినీళ్లతో కడిగి మరీ ఇచ్చారు. మాట పడ్డామని వెళ్లిపోయిన పనివాళ్లు ఒక్కొక్కరే తిరిగి వచ్చారు. ఎవరూ వాళ్లను ఏమీ అనలేదు. తమ్ముణ్ణి పోగొట్టుకున్న పడవవాడు రోజూ రాళ్లు అందించాడు.

ఒక మధ్యాహ్నం భద్రాచారి పైకప్పు వైపు చూస్తూ నిలబడిపోయాడు. అన్నం వేళ దాటినా కదల్లేదు.

"ఏమిటి బావా?" అన్నాడు పైడయ్య.

"ఆ నడిమి దూలం పచ్చికర్ర. ఎండిన మాను దొరక్క వేసేశాను," అన్నాడు భద్రాచారి, కళ్లు కలపకుండా. "దాన్ని దింపాలి. నువ్వు గోడ సంగతి చెప్పిన రోజున నీ మీద విసుక్కున్నది కూడా అందుకే."

ఆ మాట విని సింగన్న మెల్లగా తలుపు దగ్గరకు వెళ్లి, తను చేసిన ఇనుప బందుల్ని ఊడదీసి భుజాన వేసుకున్నాడు. "వీటిని మళ్లీ సాగదియ్యాలి. తుక్కు ఇనుము కలిపాను," అని కొలిమి వైపు నడిచాడు.

పైడయ్యకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

పని రెట్టింపైంది. రోజులు చాలడం లేదు. పైగా కొత్త సున్నం ఆరాలి. ఆరకముందే వాన కొడితే పడిన పాటు అంతా వృథా. రోజూ మబ్బులు కమ్మేవి. గోడకు అడ్డంగా తాటాకు తడికలు కట్టారు. చినుకు పడితే చాలు, పైడయ్య తింటున్న అన్నం వదిలి పరుగెత్తేవాడు. అతని బుగ్గలు లోపలికి పోయాయి.

విజయదశమి వెళ్లింది. గోపురం మీద జెండా ఎగరలేదు. కార్తీకం వచ్చింది. గోడకు చివరి రాయి ఎక్కింది. దూలం మారింది. బందులు బిగించారు. అప్పటికింకా గోడ పైవరసల్లో తేమ ఉంది.

ఒక ఉదయం ఆకాశం రాగిరంగులోకి మారింది. కొంగలు గుంపులు గుంపులుగా పట్నం వైపు ఎగిరిపోయాయి. పడవవాళ్లు పడవల్ని ఒడ్డు మీదికి లాగి చెట్లకు కట్టేశారు. పోలమ్మ పల్లె అంతా తిరిగి ఒక్కొక్కరినీ మిట్ట మీదికి తోలింది.

పట్నం దారిన జనమంతా కోట వైపు పోతుంటే, ముగ్గురు మాత్రం ఎదురు నడిచారు. ముందు పైడయ్య, వెనక నూకాలు, ఆమె భుజాన పిల్ల. కోట కాపలావాడు, "పిచ్చా మీకు?" అని అరిచాడు. నూకాలు కొంగు నడుముకు చుట్టుకుని నడుస్తూనే ఉంది.

ఇంట్లోకి వెళ్లేసరికి అక్కడ భద్రాచారి, సింగన్న కూడా ఉన్నారు.

"మీకు షరతు లేదు కదా?" అన్నాడు పైడయ్య.

"దూలం నాది," అన్నాడు భద్రాచారి.

సింగన్న తలుపు వైపు చూపించి ఊరుకున్నాడు.

తలుపు మూశారు. అడ్డగడియ వేశారు.

మొదట గాలి వచ్చింది. అది ఇంటిని పట్టుకుని ఊపింది. పెంకులు కొన్ని లేచిపోయాయి. పైకప్పు మూలిగింది. భద్రాచారి నడిమి దూలం కింద నిలబడి కళ్లు మూసుకున్నాడు. దూలం కిర్రుమంది గాని వంగలేదు.

తర్వాత గాలి ఒక పడవను ఎత్తుకొచ్చి తలుపుకు కొట్టింది. ఇల్లు దద్దరిల్లింది. పిల్లలు కెవ్వుమన్నారు. సింగన్న తలుపుకు వీపు ఆనించి కూర్చున్నాడు. మళ్లీ కొట్టింది. బందులు కీచుమన్నాయి గాని ఊడలేదు.

మూడోది సముద్రం.

ముందు చప్పుడు వినిపించింది, వెయ్యి బండ్లు ఒకేసారి కదిలినట్టు. తర్వాత తూర్పు గోడకు తగిలింది. ఇంట్లో ఎవరికీ ఎవరి మాటా వినబడలేదు. పైడయ్య గోడకు రెండు చేతులూ ఆనించి నిలబడ్డాడు. అతని పక్కన నూకాలు, ఆమె ఒళ్లో పిల్ల. రాయి వణకడం అరచేతికి తెలుస్తోంది. అల వెనక్కి పోయింది. మళ్లీ వచ్చింది.

అప్పుడు గోడ అడుగున ఒక రాతి సందులోంచి నీళ్లు కారాయి. దారంలాంటి సన్నటి ధార. దాన్ని అందరూ చూశారు. అందరూ పైడయ్య ముఖం చూశారు.

పైడయ్య మోకాళ్ల మీద కూర్చున్నాడు. చేతులు దోసిలి పట్టి ఆ నీళ్లను పట్టుకున్నాడు. సున్నం కరిగితే నీళ్లు తెల్లగా ఉండాలి. మసక వెలుతురులో కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూశాడు. సరిగ్గా కనబడలేదు. నూకాలు వంగి తనూ చూసింది.

"తెలుపు లేదు మావా," అంది. "ఉత్త నీళ్లే."

"ఉత్త నీళ్లేనా?"

"ఉత్త నీళ్లే."

పోలమ్మ ఒక పాత గుడ్డను ఉండచుట్టి ఆ సందులో కుక్కింది. ఇంకో ముగ్గురు వచ్చి గోడకు చేతులు ఆనించారు. మనిషి చేతులు సముద్రాన్ని ఆపవు. ఆ సంగతి వాళ్లకూ తెలుసు. అయినా పెట్టారు. ఉప్పెనలో తమ్ముణ్ణి పోగొట్టుకున్న పడవవాడు పైడయ్య పక్కనే నిలబడ్డాడు. సముద్రం కొట్టింది, మళ్లీ కొట్టింది, కొట్టి కొట్టి అలిసిపోయింది. సాయంత్రానికి నీళ్లు మెల్లగా వెనక్కి తీశాయి.

తలుపు తెరవబోతే రాలేదు. బయట ఇసుక మేట వేసింది. అందరూ కలిసి తోశారు. వెలుతురు లోపలికి వచ్చింది. కింద పల్లె లేదు. ఒక్క గుడిసె కూడా మిగల్లేదు. పడవలు చాలావరకు పోయాయి. పోలమ్మ గడపలో నిలబడి, బయటికి వచ్చే ఒక్కొక్కరి తల మీద చెయ్యి వేసింది. అందరూ వచ్చారు. ఒక్కరు కూడా తగ్గలేదు. అప్పుడు ఆమె గడప మీద కూర్చుని, ఏడాదిగా ఏడవని ఏడుపంతా ఏడ్చింది.

మర్నాడు జయసేన మహారాజు వచ్చాడు. ఆయన గోపురం పరంజాలన్నీ గాలికి కొట్టుకుపోయాయి. పైవరస రాళ్లు సగం కింద పడ్డాయి. ఆయన కోపంగానే ఉన్నాడు. మిట్ట ఎక్కి, ఇంటి చుట్టూ తిరిగి, వాకిట ఆడుకుంటున్న పిల్లల్ని చూశాడు. చూస్తూ చూస్తూ ఆయన ముఖం మెత్తబడింది.

"గోపురం ఇంకో ఏడు ఆగుతుంది," అన్నాడు. "అవ్వా, నీకింకేం కావాలి?"

"మాకు చాలు మహారాజా," అంది పోలమ్మ. "మాకు దక్షిణాన ముల్లంగిపాలెం ఉంది. వాళ్లకు ఇలాంటి ఇల్లు లేదు."

రాజు పైడయ్య వైపు చూశాడు. పైడయ్య జవాబు చెప్పేలోగా, తమ్ముణ్ణి పోగొట్టుకున్న పడవవాడు ముందుకు వచ్చాడు.

"కట్టడం మేస్త్రి చూసుకుంటాడు మహారాజా. కొండవాగు ఇసుక మేం మోస్తాం. మంచినీళ్లు మా ఆడవాళ్లు మోస్తారు. ఎంత దూరమైనా మోస్తాం," అన్నాడు.

ఆ మాట నిలిచింది. మరుసటి ఎండాకాలం ముల్లంగిపాలెం మిట్ట మీద పునాది పడింది. సంతరోజు వస్తే చాలు, పట్నం నుంచి పనివాళ్లూ, పొన్నరేవు నుంచి పల్లెవాళ్లూ అక్కడ కలిసేవాళ్లు. ఒక రోజు ఇసుక బండి రాలేదు. పనివాళ్లు చేతులు కట్టుకుని పైడయ్య వైపు చూశారు. పైడయ్య తాపీ కడిగి సంచిలో పెట్టుకుని, "ఇసుక వచ్చాకే పని," అని చాప పరుచుకుని నీడన కూర్చున్నాడు. ఆ రోజు ఒక్క రాయి కూడా లేవలేదు. ఎవరూ దానికి నొచ్చుకోలేదు.

కాబట్టి పిల్లలూ, పెద్దలూ! కూలికి చేసే పనికి యజమాని కాపలా ఉంటాడు, ఊరికే చేసే మేలుకు మన మనసే కాపలా ఉండాలి.